డిస్నీ వరల్డ్ బస్సులు మీ చేతికిస్తే ఏం మారుస్తారు?

విభాగం: ప్రయాణాలు › అమెరికా › ఫ్లోరిడా

కాకినాడ_కాజా | శుక్రవారం, రాత్రి 9:12

డిసెంబరు ఆఖరి వారంలో ఆర్లాండో వెళ్తున్నాం. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. హోటలు పాప్ సెంచరీ. కారు తీసుకోవట్లేదు, డిస్నీ వాళ్ళ ఫ్రీ బస్సులే దిక్కు. ఎవర్ని కదిపినా ఒకటే మాట: డిస్నీ నాలుగు పార్కుల్లో ఒకటైన మేజిక్ కింగ్‌డమ్‌లో బాణసంచా అయ్యాక బస్టాపుల దగ్గర జాతరే.

సలహాలు ఇస్తే వద్దనను గానీ, నా ప్రశ్న వేరే. వీళ్ళకి నలభై చదరపు మైళ్ళ జాగా ఉంది. సొంత బస్సులు వందల్లో ఉన్నాయి. ఏ హోటల్లో ఎంతమంది దిగారో తెలుసు, పార్కు ఎన్నింటికి మూస్తారో తెలుసు. మన సిటీ బస్సులకి లేని సౌకర్యాలన్నీ ఉన్నాయి కదా, అయినా రాత్రి పూట క్యూ ఎందుకు? మీకే అప్పజెప్తే ఏం చేస్తారు?

టాంపా_తమ్ముడు | 9:31

సింపుల్ అక్కా. బస్సులు డబుల్ చెయ్యాలి. టికెట్టు మనిషికి వంద డాలర్ల పైమాటే, ఆ డబ్బుతో ఇంకో రెండొందల బస్సులు కొనలేరా? చర్చ అయిపోయింది, లైట్లు ఆపేయండి.

డిపో_బాబాయ్ | 10:05

తమ్ముడూ, లైటు వెయ్యి.

నేను ఆర్టీసీ ట్రాఫిక్ సైడు చేసి రిటైరైనవాణ్ణి. అమ్మాయి జాక్సన్‌విల్‌లో ఉంటుంది. వచ్చినప్పుడు పిల్లల్తో పాటు నన్నూ అక్కడికి లాక్కెళ్తారు. వాళ్ళు రైడ్లు ఎక్కుతారు, నేను బస్ బేల దగ్గర, అంటే బస్సులు ఆగి జనాన్ని ఎక్కించుకునే చోట కూర్చుంటా. అలవాటు పోదు కదా.

లెక్క చూడు. పాప్ సెంచరీలో 2,880 గదులు. గదికి ముగ్గురు చొప్పున, హోటలు నిండుగా ఉంటే 8,640 మంది. వాళ్ళలో నాలుగో వంతు ఆ రాత్రి మేజిక్ కింగ్‌డమ్‌లో ఉన్నారనుకో, 2,160 మంది. నలభై అడుగుల బస్సులో నిలబడ్డవాళ్ళతో కలిపి అరవై మందిని వేసుకో. 36 ట్రిప్పులు. గంటన్నరలో అందర్నీ పంపాలంటే రెండున్నర నిమిషాలకి ఒక బస్సు కదలాలి. వెళ్ళి, దించి, ఖాళీగా తిరిగి రావడానికి ముప్పావు గంట పడితే ఒక్క హోటలుకే 18 బస్సులు కట్టెయ్యాలి. గదుల సంఖ్య తప్ప మిగతావి నేను వేసుకున్నవే, నీకు నచ్చిన అంకెలు వేసుకో.

సరే, 18 ఇచ్చేశాం. ఇప్పుడు బే దగ్గరికి రా. స్ట్రోలర్లు, నిద్రపోయిన పిల్లలు, వీల్‌చెయిర్‌కి బెల్టులు, అన్నీ కలిసి ఒక బస్సు నిండడానికి నాలుగు నిమిషాలు పట్టిందనుకో. ఆ బేలోంచి గంటకి పదిహేను బస్సులే కదుల్తాయి. కావలసినవి ఇరవై నాలుగు. వెనకాల నువ్వు వంద బస్సులు నిలబెట్టినా అదే పదిహేను. పైగా ఆ వంద బస్సులు లైను కట్టి పక్క హోటలు బస్సు దారి కూడా మూస్తాయి. కాబట్టి బస్సు బేలో ఎంతసేపు నిలబడుతోంది అన్నదే చూడాలి. ఎన్ని బస్సులున్నాయన్నది తరవాత.

ఓరుగల్లు_పోరడు | 10:22

బాబాయ్ చెప్పింది కరెక్టే. మా మేడారం జాతరకు 2024ల ఆర్టీసీ ఆరు వేల బస్సులు పెట్టింది. ఆడ తిరుగు ప్రయాణం నాడు టైంటేబుల్ అనేదే ఉండది. బస్సు రాకముందుకే మంది క్యూలైన్ల నిలవడి ఉంటరు. బస్సొస్తది, నిండుతది, పోతది. ఇంకోటి దాని ఎన్కనే. ఇరవై నిమిషాలకో బస్సు అని బోర్డు పెట్టుకుని కూసుంటే జాతర అయిపోయేటాల్లకు ఉగాది అస్తది.

డిస్నీల గూడ రాత్రి పూట గిట్లనే నడుపుతరా లేకపోతే టైం ప్రకారమా?

డిపో_బాబాయ్ | 10:40

మామూలుగా ఇరవై నిమిషాలకొకటి అని చెప్తారు. రాత్రి మాత్రం ఎక్కడ జనం పేరుకుంటే అక్కడికి కంట్రోల్ రూమ్ నుంచి బస్సు మళ్ళిస్తారు. ఇంకో పార్కు, యానిమల్ కింగ్‌డమ్, తొందరగా మూస్తుంది కాబట్టి అక్కడ ఖాళీ అయిన బస్సులు ఇటు పనికొస్తాయి. ఆ విషయంలో వాళ్ళకి వంక పెట్టే పని లేదు.

మేడారానికీ దీనికీ తేడా ఒకటుంది. అక్కడ హనుమకొండ లైనులో నిలబడ్డవాళ్ళు వేల మంది ఉంటారు, బస్సులన్నీ ఒకే దారిన పోతాయి. ఇక్కడ జనం రెండు డజన్ల హోటళ్ళకి చీలిపోయారు. ఒక లైనులో మూడు వందల మంది, పక్క లైనులో పన్నెండు మంది. ఆ పన్నెండు మందికీ బస్సు వెయ్యాల్సిందే.

సిగ్నల్_సుబ్బులు | శనివారం, ఉదయం 7:50

నేను డాలస్‌లో ట్రాఫిక్ ఇంజినీరుని. రోడ్ల సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే కాజా గారి ప్రశ్నలో ఆ ముక్క లేదు.

అక్కడి రోడ్లలో చాలావరకు డిస్నీ పేరు మీద ఉండవు. 1967లో ఫ్లోరిడా శాసనసభ రీడీ క్రీక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ అని ఒక ప్రత్యేక జిల్లా పెట్టింది. రోడ్లు, మురుగునీరు, అగ్నిమాపకం అన్నీ దాని పని. యాభై ఏళ్ళకి పైగా దాని బోర్డు డిస్నీ మాటే వినేది. 2023లో గవర్నరు నియమించే బోర్డు వచ్చింది, పేరు సెంట్రల్ ఫ్లోరిడా టూరిజం ఓవర్‌సైట్ డిస్ట్రిక్ట్ అయింది. ఆ గొడవ కోర్టుల దాకా వెళ్ళి 2024లో రాజీ పడ్డారు. అంటే ఇవాళ కొత్త బస్సు లేను వెయ్యాలంటే కంపెనీ ఒక్కటే తీర్మానిస్తే సరిపోదు.

మంచి పని జరగలేదని కాదు. డిస్నీ స్ప్రింగ్స్ అనే షాపుల సముదాయం ముందు బ్యూనా విస్టా డ్రైవ్ చూడండి. రోడ్డు వెడల్పు చేసి మధ్యలో బస్సులకి మాత్రమే లేన్లు ఇచ్చారు. కార్లు సిగ్నల్ దగ్గర కిలోమీటరు పేరుకున్నా బస్సు మధ్యలోంచి వెళ్ళిపోతుంది. దాన్ని అక్కడితో ఆపకుండా హోటళ్ళ దాకా లాగి, ప్రతి సిగ్నల్ దగ్గరా బస్సు రాగానే పచ్చ లైటు పొడిగించేలా పెడితే బాబాయ్ గారి ముప్పావు గంట రౌండు ముప్ఫై అయిదు నిమిషాలకి దిగొచ్చు. అప్పుడు పద్ధెనిమిది బస్సుల పని పద్నాలుగు చేస్తాయి. కొత్త బస్సు కొనకుండానే నాలుగు మిగిలాయి.

ఇక బే. ఇక్కడ టికెట్టు కొట్టే పని లేదు. కాబట్టి అహ్మదాబాద్ జన్‌మార్గ్ బస్సు స్టేషన్లలా బస్సు ఫ్లోరు ఎత్తుకి ప్లాట్‌ఫాం కట్టి, రెండు తలుపులూ ఒకేసారి తెరిచి, లైను ముందే రెండుగా చీల్చి నిలబెట్టాలి. ర్యాంపు దించే పని పోతుంది. పొడుగు బస్సులు, అంటే మధ్యలో మడత పడేవి, డిస్నీ దగ్గర ఎలాగూ ఉన్నాయి. ఆ ప్లాట్‌ఫాం వాటి తలుపులన్నీ అందేంత పొడవున కడితే ఇంకా మేలు.

డిపో_బాబాయ్ | 8:15

సుబ్బులమ్మా, ప్లాట్‌ఫాం బాగుంది. బస్సుని దానికి అంగుళాల దూరంలో ఆపే డ్రైవర్లని కూడా నువ్వే సరఫరా చెయ్యాలి మరి.

సిగ్నల్_సుబ్బులు | 8:18

దానికి అంచున గైడు పట్టీలు ఉంటాయి బాబాయ్ గారూ, టైరు వాటికి ఆనుకుని జారుతుంది. డ్రైవర్ల మీద మీకే నమ్మకం లేకపోతే ఎలా.

పులిహోర_పార్సిల్ | 9:02

ఇంజినీర్లు కాసేపు ఆగితే నేనొకటి అడుగుతా. ఆ జనం అంతా ఒకేసారి ఎందుకొస్తున్నారు? బాణసంచా ఆఖరి అంశం కాబట్టి. అదయ్యాక పార్కులో ఇంకో రెండు గంటలు రైడ్లు నడిస్తే సగం మంది లోపలే ఉంటారు. చిన్నపిల్లలున్నవాళ్ళు వెళ్ళిపోతారు, కాలేజీ పిల్లలు ఉండిపోతారు. బాణసంచాకీ మూతకీ మధ్య వ్యవధి తగ్గిన రోజు బస్టాపు నిండుతుంది. సిమెంటు పొయ్యకుండా అయ్యే పని ఇది.

గేటు వైపు వచ్చే మెయిన్ స్ట్రీట్ మరీ బిగుసుకుపోతే దుకాణాల వెనక దారి ఎలాగూ తెరుస్తారు. దాంతో గేటు దాకా తొందరగా వస్తాం, బస్సు దగ్గర మళ్ళీ ఆగిపోతాం. రద్దీ చోటు మారింది, అంతే.

తిరుపతి_తేజ | 9:20

మా ఊర్లో సర్వదర్శనానికే టైంస్లాట్ టోకెన్లు ఇస్తారు. వీళ్ళు రైడ్లకి స్లాట్లు అమ్ముతారు గదా, ఇంటికి పొయ్యే బస్సుకి మాత్రం స్లాటు ఎందుకు ఇయ్యరు? యాప్‌లో మీ బస్సు 10:40కి అని వస్తే అంతవరకూ ఐస్‌క్రీం తింటా కూచోవచ్చు. అంగళ్ళకి కూడా లాభమే.

పులిహోర_పార్సిల్ | 9:26

మూడేళ్ళ పిల్లాడు నేల మీద పడి దొర్లుతుంటే 10:40 దాకా ఐస్‌క్రీం తింటూ కూర్చుంటావా నాయనా? పెళ్ళయ్యాక మాట్లాడదాం.

తిరుపతి_తేజ | 9:27

సరేక్కా. పెళ్ళికానోళ్ళకే ఇమ్మనండి ఆ స్లాట్లు.

కిస్సిమ్మీ_కిట్టయ్య | 11:45

లోకల్‌గా ఉండేవాణ్ణి, నాదొక ముడి విప్పండి. డిస్నీ స్ప్రింగ్స్ అంటే షాపులూ రెస్టారెంట్లూ ఉండే చోటు. అక్కడ పెద్ద పెద్ద గ్యారేజీలు, పార్కింగు ఫ్రీ. థీమ్ పార్కుల దగ్గర కారు పెడితే డబ్బులు కట్టాలి. పొద్దున పూట స్ప్రింగ్స్ నుంచి పార్కులకి నేరుగా బస్సు ఉండదు. ఉంటే అందరూ కారు ఇక్కడ ఊరికే పడేసి బస్సెక్కుతారు కదా! అందుకని అక్కడ టిఫిన్ చేసి పార్కుకి వెళ్ళాలంటే ముందు ఏదో ఒక హోటలుకి వెళ్ళి, అక్కడ బస్సు మారాలి. హోటలు నుంచి హోటలుకి నేరు బస్సు లేకపోవడం కూడా అంతే, ఏ పార్కు దగ్గరో, స్ప్రింగ్స్ దగ్గరో మారాల్సిందే. పార్కింగు డబ్బుల లెక్క వల్ల హోటలు బస్సుల్లో అక్కర్లేని జనం ఎక్కుతున్నారు.

టాంపా_తమ్ముడు | 12:10

మ్యాజిక్ బ్యాండ్ ఉంది కదా, టికెట్టుగానూ గది తాళంగానూ పనిచేసే చేతిపట్టీ, 2013 నుంచీ వాడుకలో ఉంది. హోటల్లో దిగినవాళ్ళ బ్యాండు చూపిస్తేనే స్ప్రింగ్స్ నుంచి బస్సు ఎక్కనివ్వండి.

డిపో_బాబాయ్ | 12:30

పట్టాలెక్కావు. కానీ బ్యాండు చూసే మిషను బస్సు తలుపు దగ్గర పెట్టకూడదు. అరవై మంది బ్యాండ్లు తలుపు దగ్గర చూస్తే నీ బస్సు అక్కడే కాపరం పెడుతుంది. మెట్రో స్టేషన్లో మాదిరి లైను మొదట్లో గేటు పెట్టాలి. లోపలికొచ్చినవాడు ఏ బస్సైనా ఎక్కొచ్చు.

బోస్టన్_బుజ్జి | మధ్యాహ్నం 2:14

అసలు బస్సులెందుకండీ? స్కైలైనర్ అని డిస్నీ వాళ్ళ రోప్‌వే 2019 సెప్టెంబరు 29న మొదలైంది. పాప్ సెంచరీ నుంచి ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ పార్కులకి తీగ మీద వెళ్ళిపోవచ్చు. డబ్బాకి పది మంది, డబ్బా వెంట డబ్బా వస్తూనే ఉంటుంది. దాన్నే మేజిక్ కింగ్‌డమ్ దాకా లాగండి. కాజా గారూ, ఈలోగా మీరు మోనోరైలులో ఎప్‌కాట్‌కి వచ్చి అక్కడ స్కైలైనర్ ఎక్కండి, బస్సు గొడవే ఉండదు.

కిస్సిమ్మీ_కిట్టయ్య | 2:40

బుజ్జీ, మ్యాపు తియ్యి. మోనోరైలు దిగేది ఎప్‌కాట్ ముందు గేటు దగ్గర. స్కైలైనర్ ఎక్కేది వెనక గేటు, ఇంటర్నేషనల్ గేట్‌వే దగ్గర. మధ్యలో పార్కంతా ఉంది. ఒకే రోజు పార్కులు మారనిచ్చే హాపర్ టికెట్టు ఉండి, ఎప్‌కాట్ తెరిచి ఉంటే నడిచి దాటొచ్చు. మేజిక్ కింగ్‌డమ్ మూసేవేళకి ఎప్‌కాట్ చాలాసార్లు అప్పటికే మూసేసి ఉంటుంది. ఇద్దరు పెద్దవాళ్ళతో రాత్రి పదకొండింటికి ఆ ప్రయోగం చెయ్యొద్దు.

సిగ్నల్_సుబ్బులు | 3:05

స్కైలైనర్ మీద నాకు ప్రేమే. కానీ ఉరుములొస్తే ఆపాలి. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నాలు రోజూ ఉరుములే. ఆపిన క్షణం ఆ జనం మొత్తం బస్సుల మీద పడతారు, అంటే తీగ వేసినా బస్సులు తగ్గించడానికి లేదు.

అందులో నేర్చుకోవాల్సింది ఇంకోటుంది, స్టేషన్లో నిలబడి చూడండి. మామూలు జనం ఎక్కేచోట డబ్బా నెమ్మదిస్తుంది గానీ ఆగదు. వీల్‌చెయిర్లూ స్కూటర్లూ వచ్చినప్పుడు ఆ డబ్బా పక్కనున్న చిన్న చుట్టు దారిలోకి మళ్ళుతుంది. అక్కడ పూర్తిగా ఆగుతుంది, తీరిగ్గా ఎక్కుతారు, మళ్ళీ వచ్చి తీగని అందుకుంటుంది. ఈలోగా అసలు లైను నడుస్తూనే ఉంటుంది. ఎవరికీ తొందర లేదు, ఎవరికీ ఆలస్యం లేదు. బస్ బేలో కూడా ఇదే కావాలి: ముందు ఒక చిన్న బే, అక్కడ వీల్‌చెయిర్లు ఎక్కించుకుని, బస్సు రెండడుగులు ముందుకొచ్చి జనాన్ని ఎక్కించుకోవాలి.

మైలవరం_మాధవి | 5:30

మా అత్తగారు చక్రాల కుర్చీలోనే తిరుగుతారు. ఈ చర్చలు ఎక్కడ జరిగినా చివరికి మా మీదకే వస్తాయి, "వాళ్ళ వల్లే ఆలస్యం" అని. ఆవిడ్ని ముందు ఎక్కిస్తుంటే వెనక లైనులో నిట్టూర్పులు వినబడతాయి, తెలుగులో కూడా.

సుబ్బులు గారు చెప్పిన ముందు బే నాకు సమ్మతమే, ఆవిడ అదే బస్సులో మాతో పాటు వస్తుంది కాబట్టి. వేరే వ్యాను పెడతామంటే మాత్రం ఒప్పుకోను. వ్యాను ఎప్పుడొస్తుందో ఎవడికి తెలుసు? లండన్ బస్సుల్లో కుర్చీని వెనక్కి తిప్పి మెత్తటి వీపుపలకకి ఆనిస్తారు, నాలుగు బెల్టులు బిగించే పని లేదు. అరనిమిషంలో అయిపోతుంది. అమెరికాలో నిబంధనలు వేరే, ఒప్పుకుంటా. కానీ ఆలస్యం బెల్టులది, మనిషిది కాదు.

ఓరుగల్లు_పోరడు | 5:41

మాధవక్క మాటకు వంద లైకులు.

వైజాగ్_వాటర్ | రాత్రి 8:20

నీళ్ళ మీద ఎవరూ మాట్లాడలేదే? మేజిక్ కింగ్‌డమ్ ముందు సెవెన్ సీస్ లగూన్ ఉంది. కార్లు పెట్టేది అవతలి ఒడ్డున, అక్కణ్ణుంచి మోనోరైలో ఫెర్రీయో ఎక్కి రావాలి. ఫెర్రీలో ఒకేసారి ఆరు వందల మంది పడతారు. అంటే బాబాయ్ గారి లెక్కలో పది బస్సులు! రాత్రి పూట సగం హోటళ్ళ బస్సుల్ని అవతలి ఒడ్డునే నిలబెట్టి, జనాన్ని ఫెర్రీలో పంపండి. బే సమస్య సగం తీరిపోతుంది.

డిపో_బాబాయ్ | 8:55

ఇన్ని ఆలోచనల్లో నన్ను కాసేపు కూర్చోబెట్టింది ఇదే. కానీ రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, ఆ వేళకి ఫెర్రీ కోసం కార్లవాళ్ళే బోలెడు మంది నిలబడి ఉంటారు, వాళ్ళకి నువ్వు ఇంకో మూడు వేల మందిని కలుపుతున్నావు. రెండు, హోటలు వాళ్ళకి గేటు ముందే బస్సు అన్నది వాళ్ళు గది అద్దెలో కలిపి కొనుక్కున్న సుఖం. దాన్ని తీసేసి పడవెక్కు, దిగు, మళ్ళీ నడు అంటే ఊరుకోరు.

ఉన్న బస్సులతోనే, రేపే చెయ్యగలిగింది ఇంకోటి చెప్తా. ఆల్ స్టార్ హోటళ్ళు మూడూ పక్కపక్కనే ఉంటాయి. ఖాళీ వేళల్లో మూడింటికీ కలిపి ఒకే బస్సు తిప్పుతారు, అది సబబే. రద్దీ వేళ మాత్రం విడగొట్టాలి, ఒక హోటలు జనంతో నిండిన బస్సు ఇంకో రెండు హోటళ్ళ ముందు ఆగకూడదు. కరీబియన్ బీచ్, పోర్ట్ ఓర్లియన్స్ రివర్‌సైడ్ లాంటి హోటళ్ళలోనైతే లోపలే చాలా స్టాపులు. మొదటి స్టాపులోనే బస్సు నిండితే ఆఖరి స్టాపువాడు పొద్దున్నే చెయ్యి ఊపుతూ నిలబడాలి. అక్కడ పొద్దున పూట ఒక బస్సు వెనక నుంచి మొదలెట్టాలి, ఇంకోటి ముందు నుంచి.

సిగ్నల్_సుబ్బులు | 9:10

పొద్దున పూట అంటే గుర్తొచ్చింది. డిస్నీ హోటళ్ళలో ఉన్నవాళ్ళందర్నీ నాలుగు పార్కుల్లోనూ అరగంట ముందే లోపలికి రానిస్తారు. ఇదివరకు రోజుకో పార్కుకి గంట ముందు ఉండేది, జనం అంతా ఒక పార్కు మీద పడేవాళ్ళు. ఇప్పుడు నాలుగు దిక్కులకీ చీలిపోతారు. బస్సుల దృష్టితో చూస్తే ఇది మంచి మార్పు. పైగా 2024 జనవరి నుంచి పార్కు నుంచి పార్కుకి ఎప్పుడైనా మారొచ్చు. అంతకుముందు మధ్యాహ్నం రెండు దాకా ఆగాలి, అందరూ రెండింటికే బయల్దేరేవాళ్ళు.

మేజిక్ కింగ్‌డమ్‌లో కార్స్ సినిమా ప్రాంతం, డిస్నీ కథల విలన్ల ప్రాంతం కడతామని 2024లో ప్రకటించారు. లోపల చోటు పెరుగుతుంది, జనం పెరుగుతారు. బస్ బేలు ఎన్ని పెరుగుతాయన్నది నేను ఎదురుచూస్తున్న వార్త.

కాకినాడ_కాజా | ఆదివారం, ఉదయం 10:05

అందరికీ దండాలు. ఇంత వస్తుందనుకోలేదు. ఇప్పుడు నా స్వార్థం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. రోజంతా నడవలేరు. బ్యాటరీ స్కూటర్ పార్కులోనే అద్దెకి తీసుకుంటే బస్సులో ఇబ్బంది పడతామా? ఆ రాత్రి బయటపడే మార్గం కూడా చెప్పండి.

పులిహోర_పార్సిల్ | 10:30

పార్కులో తీసుకున్న స్కూటర్ పార్కు దాటనివ్వరు. అంటే గేటు నుంచి బస్సు దాకా ఆయన నడవాలి, అసలు నొప్పి వచ్చే టైం అదే. బయట అద్దె కంపెనీలు హోటలుకే ఇస్తాయి, అది తీసుకోండి.

రాత్రికి మూడు దారులు. బాణసంచా సగంలో ఉండగానే గేటు దగ్గరికి జరిగిపోవడం ఒకటి. లేదా అయ్యాక మెయిన్ స్ట్రీట్‌లో ఓ ముప్పావు గంట తాపీగా కూర్చోవడం, పిల్లలకి నిద్ర రాకపోతేనే. మూడోది కాంటెంపరరీ హోటలు దాకా నడిచి అక్కడ ఊబర్ పిలవడం. పది నిమిషాల చదును దారి. ఊబర్ మేజిక్ కింగ్‌డమ్ గేటు దాకా రాదు, అవతలి ఒడ్డునే ఆగుతుంది, అందుకని ఈ ఉపాయం. అద్దె స్కూటర్ ఉంటే మాత్రం మామూలు ఊబర్‌లో పట్టదు, మీవారో ఎవరో దాంతో బస్సులో రావాలి.

మైలవరం_మాధవి | 10:48

ఒక్క విషయం కలుపుతాను. బస్సులోకి స్కూటర్‌ని ఎక్కించి, తిప్పి పెట్టాల్సింది మీ నాన్నగారే. డ్రైవరు బెల్టులు కడతాడు గానీ స్కూటర్ నడపడు. హోటలు వరండాలో ముందురోజే రివర్సు ప్రాక్టీసు చేయించండి.

కాకినాడ_కాజా | 11:02

నాన్న జీవితంలో లూనా తప్ప ఏదీ నడపలేదండీ. దానికి రివర్సు లేదు.

డిపో_బాబాయ్ | 11:09

నా నంబరు మీకు మెసేజ్ పెడతా, ఆయనతో మాట్లాడించండి. ఎందరో ట్రైనీలకి స్టీరింగ్ నేర్పించా, ఇదెంత.